దిగే ముందు ఎక్కే దారి



మా ఎడపల్లి మండలంలో నీళ్లు చూడకుండా పెరిగిన పిల్లలు తక్కువ. ఒక వైపు అలీసాగర్, జానకంపేట దగ్గర అశోక్‌సాగర్, ఊళ్ల మధ్య నుంచి నిజాంసాగర్ కాలువలు, వరి మళ్లలో, ఒకప్పుడు చెరకు తోటల్లో, పెద్ద పెద్ద బావులు. ఈత మాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. నడుముకు తాడు కట్టి, వీపున సొరకాయ బుర్రో బెండో బిగించి, పెద్దవాళ్లు బావిలోకి తోసేవాళ్లు. రెండు గుటకల నీళ్లు మింగాక చేతులు వాటంతట అవే ఆడేవి. అప్పుడు మా పెద్దలు గట్టిగా చెప్పిన మాట ఒకటే. దూకేముందు ఎక్కే చోటు చూసుకోండి అని. మెట్లు లేని బావిలో దూకడం ఎవరైనా దూకుతారు. పైకి రావడానికి మోటు తాడుందా, గోడలో కాలు పెట్టడానికి రాయి పొడుచుకొచ్చి ఉందా, నీళ్లు రాతికి ఎంత కిందున్నాయి అని ముందు చూసినవాడే సాయంత్రం ఇంటికొస్తాడు.

ఆ పిల్లల్లో చాలామంది ఇప్పుడు డల్లాస్‌లో, హ్యూస్టన్‌లో, న్యూజెర్సీలో, దుబాయిలో ఉన్నారు. సెలవులు దొరికితే అమెరికాలో ఉన్నవాళ్లు ఫ్లోరిడా నుంచో ప్యూర్టోరికో నుంచో క్రూయిజ్ ఓడ ఎక్కి కరీబియన్ దీవులకు పోతున్నారు. పోతూ అమ్మానాన్నలను కూడా వెంట తీసుకెళ్తున్నారు. కొందరు స్కూబా డైవింగ్ నేర్చుకుని కార్డు కూడా తెచ్చుకున్నారు. వాళ్ల నుంచి ఈమధ్య నాకు ఒకే ప్రశ్న వస్తోంది. ఓడ ఒక్క పగలు ఆగే దీవిలో, గైడ్ లేకుండా, పడవ లేకుండా, ఒడ్డు నుంచే మేమిద్దరం సముద్రంలోకి దిగొచ్చట, ఏ చోటు ఎంచుకోవాలి? ఈ రోజు నా ప్రసంగం దాని గురించే.

స్కూబా అంటే ఏమిటో తెలియని శ్రోతల కోసం ఒక్క మాట. వీపున గాలి నింపిన సిలిండర్, నోట్లో ఆ గాలి అందించే రెగ్యులేటర్, కళ్లకు మాస్క్, కాళ్లకు ఫిన్స్, నడుముకు నీళ్లలో మునగడానికి సరిపడా బరువు. వీటితో నీటి అడుగున ఊపిరి పీలుస్తూ తిరగడమే స్కూబా. మొదటి స్థాయి శిక్షణ పూర్తయినవాళ్లకు 18 మీటర్ల లోతు దాకా అనుమతి. ఒక్క పూట గైడ్ చేయి పట్టుకుని దిగి వచ్చినవాళ్లకు ఈ కార్డు ఉండదు. నేను చెప్పబోయేది వాళ్ల కోసం కాదు, వాళ్లు గైడ్‌తోనే వెళ్లాలి. కార్డు ఉండి కూడా కొన్నేళ్లుగా నీళ్లలోకి దిగనివాళ్లదీ అదే దారి.

మరి శిక్షణ ఉన్నవాళ్లు గైడ్ లేకుండా ఎందుకు వెళ్లాలి అంటే, నా మటుకు నాకు అదే ఇష్టం. గుంపుతో వెళ్తే గైడ్ ముందుకు పోతాడు, అతని వెనక పోవాలి. ఇద్దరమే వెళ్తే ఒక్క పగడపు బండ దగ్గర పది నిమిషాలు కదలకుండా ఉండొచ్చు. మనం కదలకపోతేనే దాక్కున్న చేపలు బయటికొస్తాయి. కాకపోతే అప్పుడు గైడ్ చేసే పనులన్నీ మన నెత్తిన పడతాయి. చోటు ఎంచుకోవడం, తిరిగి వచ్చే వేళ లెక్కగట్టడం, గాలి బాగా లేకపోతే మానుకోవడం, ఈ మూడూ.

అన్ని దీవులూ ఇందుకు పనికిరావు. మెక్సికో వైపు కొజుమెల్‌లో ప్రవాహం పగడాల వెంట మనిషిని ఈడ్చుకుంటూ పోతుంది. అక్కడ ఒక చోట దిగి ఇంకో చోట తేలడమే పద్ధతి, పడవ వెంట రావాలి. గ్రాండ్ కేమన్‌లో జార్జ్‌టౌన్ రేవు నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఈడెన్ రాక్ అనే మంచి చోటు ఉంది గానీ, పెద్ద ఓడ నడి నీళ్లలో ఆగి, చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేరుస్తుంది. పోను రాను ఆ వరసల్లోనే పొద్దు గడుస్తుంది. క్యూరసావ్‌లో కారకాస్‌బాయ్ దగ్గర మునిగిన టగ్ పడవ అయిదు మీటర్ల లోతులోనే ఉంటుంది, కొత్తవాళ్లకు చక్కని చోటు. కానీ ఒడ్డు నుంచి, సొంతంగా, ఒక్క పగట్లో అంటే నేను చెప్పే పేరు బోనెయిర్.

వెనిజులా తీరానికి ఉత్తరాన, సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న దీవి అది. 2010 అక్టోబరు 10 నుంచి నెదర్లాండ్స్ దేశపు ప్రత్యేక మున్సిపాలిటీ. చెలామణిలో ఉన్నది మాత్రం అమెరికా డాలరు. క్రాలెండైక్ దాని ముఖ్య పట్టణం, క్రూయిజ్ ఓడ నేరుగా ఆ ఊరి రేవుకే ఆనుకుంటుంది. ఓడ మెట్లు దిగితే ఊళ్లోనే ఉన్నట్టు. 1962లో డాన్ స్టీవర్ట్ అనే అమెరికన్ తెరచాప ఓడలో అక్కడికి చేరి, ఆ నీళ్లు చూసి అక్కడే ఉండిపోయాడు. కెప్టెన్ డాన్ అంటారు. డైవింగ్ చేసేవాడు తన వేళకు, తనకు నచ్చిన చోట దిగాలన్న పద్ధతి అక్కడ వేళ్లూనుకోవడంలో అతని చేయి పెద్దది. 1979లో ఆ దీవి చుట్టూ సముద్రాన్ని, అలలు తాకే గీత నుంచి 60 మీటర్ల లోతు దాకా, రక్షిత పార్కుగా ప్రకటించారు. పడవలు లంగరు వేయడానికి వీల్లేదు, కట్టుకోవడానికి నీళ్ల మీద తేలే పసుపు రంగు బోయాలుంటాయి. రోడ్డు వెంట కూడా పసుపు రంగు పూసిన రాళ్లు, వాటి మీద డైవింగ్ చోటు పేరు. రాయి పక్కన బండి ఆపి, సామాను తగిలించుకుని, నడిచి నీళ్లలోకి పోవడమే.

ఇంత సులువు కావడానికి కారణం గాలి. ఆ దీవి మీద ఏడాదిలో ఎక్కువ భాగం తూర్పు గాలులే వీస్తాయి. అందుకే తూర్పు తీరం ఎప్పుడూ అలలతో కొట్టుకుంటూ ఉంటుంది, పడమటి తీరం దీవి చాటున ప్రశాంతంగా ఉంటుంది. డైవింగ్ చోట్లు చాలావరకు ఆ పడమటి వైపే. ఒడ్డు దగ్గర లోతు తక్కువ, కొంత దూరం ఈదితే పది మీటర్ల దగ్గర నుంచి పగడపు దిబ్బ చెరువు కట్ట లోపలి వాలులాగా కిందికి జారుతుంది. అయితే గాలి ఎప్పుడో ఒకసారి దిక్కు మార్చుకుంటుంది. 1999 నవంబరులో లెనీ అనే తుపాను అందరూ ఊహించే దిక్కుకు ఎదురుగా, పడమర నుంచి తూర్పుకు నడిచింది. దాని అలలు ఎన్నడూ అలలు ఎరగని పడమటి తీరపు పగడాలను పెళ్లగించి పోశాయి. అంత పెద్దది రాకపోయినా, పడమటి గాలి తిరిగిన రోజు ఒడ్డు నుంచి దిగే ఆలోచన మానుకోవాలి. ఓడ ఇక్కడే ఆగింది, మళ్లీ రాలేం, డబ్బు కట్టేశాం అన్నవి నీళ్లకు తెలియవు.

చోటు దగ్గరికి వెళ్లాక సామాను దించకండి. ముందు ఒడ్డున నిలబడి నీళ్లు చూడండి. మామూలుగా జనం అడిగేది, ఇక్కడ ఏం చేపలుంటాయి అని. నేను మొదట చూసేది తిరిగి పైకెక్కే చోటు. అక్కడి ఒడ్డు ఇసుక ఒడ్డు కాదు. విరిగిన పగడపు ముక్కలు, బొరియలు పడ్డ సున్నపురాయి, వాటి సందుల్లో ముళ్ల సముద్రపు జీవులు. దిగేటప్పుడు ఒంట్లో సత్తువ ఉంటుంది, మనసులో ఉత్సాహం ఉంటుంది. గంట తర్వాత వచ్చేటప్పుడు కాళ్లు బరువెక్కుతాయి, వీపున సిలిండర్, ఒక అల వెనక నుంచి తోస్తుంది. అప్పుడు కాలు ఎక్కడ పెడతామో దిగకముందే తెలిసి ఉండాలి. కొద్దిసేపు నిలబడి అలలు లెక్కపెట్టండి. చిన్నవి కొన్ని వచ్చాక పెద్దవి రెండు మూడు వరసగా వస్తాయి, ఆ తర్వాత కాస్త తెరిపి. ఆ తెరిపిలోనే ఎక్కాలి. మందపాటి అట్ట ఉన్న డైవింగ్ బూట్లు వేసుకుని, జతగాడి చెయ్యి పట్టుకుని, నడుం లోతు వచ్చాక ఫిన్స్ తొడుక్కోండి.

తర్వాత ప్రవాహం. మన అలీసాగర్‌లో నీళ్లు పైకి అద్దంలా నిలిచి ఉన్నా, తూము ఎత్తినప్పుడు దాని దగ్గర అడుగున లాగుడు ఎలా ఉంటుందో ఇక్కడి ఈతగాళ్లకు తెలుసు. సముద్రంలో తూము కనబడదు. పసుపు బోయా తాడు ఏ వైపు వంగి ఉందో చూస్తే లాగుడు ఏ వైపో తెలుస్తుంది. మొదటి సగం దానికి ఎదురుగా ఈదాలి, ఒంట్లో శక్తి ఉన్నప్పుడే. వచ్చేటప్పుడు అదే మనల్ని తెచ్చి దింపుతుంది. వెళ్లేటప్పుడు దిబ్బ కుడి భుజం పక్కన ఉంటే, వచ్చేటప్పుడు ఎడమ భుజం పక్కన ఉండాలి. ఒడ్డు నుంచి దిబ్బ అంచు చేరిన చోట ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూసి, బోయా బండనో, ప్రత్యేకంగా కనబడే పగడాన్నో, ఎంత లోతులో ఉందో గుర్తు పెట్టుకోండి. ఇంటిదారి అక్కడ మొదలవుతుంది.

సిలిండర్‌లో గాలి లెక్క ఇంకా ముఖ్యం. నీళ్లలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. అందుకని పైన గంట వచ్చే గాలి 10 మీటర్ల లోతులో అరగంటే వస్తుంది, 20 మీటర్లలో 20 నిమిషాలు, 30 మీటర్లలో పావుగంట. ఎక్కువ చూడాలంటే తక్కువ లోతులో ఉండాలన్నమాట. రంగులు కూడా పైనే బాగుంటాయి, లోతుకు పోయేకొద్దీ ఎరుపు ముందు మాయమవుతుంది. తెలియని చోట గాలిని మూడు భాగాలు చేసుకోండి. ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి, మూడోది ముట్టుకోకూడదు. 200 బార్‌తో దిగితే ముల్లు 130 దగ్గరికి రాగానే తిరుగుముఖం పట్టాలి, ఇద్దరిలో ఎవరి ముల్లు ముందు అక్కడికి చేరితే వాళ్ల లెక్కే ఇద్దరిదీ. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లు మించకుండా రావాలి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి గనక. ఒడ్డు డైవింగ్‌లో ఒక సుఖం ఏమిటంటే, ఆ ఆగడం కూడా పగడాల మీద తిరుగుతూనే, ఒడ్డు వైపు వస్తూనే అయిపోతుంది.

ఇక పొద్దు లెక్క. ఓడ పొద్దున ఎనిమిదికి వచ్చి సాయంత్రం అయిదుకు కదులుతుందనుకోండి. తొమ్మిది గంటలున్నాయని సంబరపడొద్దు. డైవింగ్ దుకాణంలో కార్డు చూపాలి, పార్కు రుసుము కట్టాలి, అక్కడి నియమాలు వినాలి, ముందు దుకాణం దగ్గరలోనే ఒకసారి దిగి, బరువు సరిపోయిందో లేదో, నీళ్లలో నిలకడగా ఉండగలమో లేదో చూపాలి. ఆ తర్వాతే సొంతంగా తిరగనిస్తారు. సాయంత్రం ఓడ కదలడానికి బాగా ముందే ఎక్కేయాలి. ఇంకొకటి, గడియారం. బోనెయిర్‌లో ఏడాది పొడవునా ఒకే టైము. ఫ్లోరిడాలో చలికాలంలో దానికంటే గంట వెనక. ఓడ ఫ్లోరిడా టైమే పాటిస్తోందా, దీవి టైముకు మారిందా అని దిగేముందే అడిగి, చేతి గడియారం ఓడ టైముకు పెట్టుకోండి.

ఇవన్నీ కూడితే ఆ పగటికి రెండు మునకలు చాలు. మొదటిది ఎలాగూ దుకాణం ముంగిటే. ఊరికి ఉత్తరాన బారి రీఫ్ మీదనే డైవింగ్ వసతులున్నాయి, చేపల రకాలకు అది పేరు మోసిన చోటు. ఆ ఒక్కటే చేసి వచ్చినా ఏమీ పోగొట్టుకోరు. రెండోదానికి విమానాశ్రయం రన్‌వే చివర ఉన్న విండ్‌సాక్ దగ్గర, తక్కువ దూరం. ఉత్తరాన వెయ్యి మెట్లు అని ఒక ప్రసిద్ధ చోటుంది. కొండరాతి మెట్లు నిజానికి 70 కూడా ఉండవు, సిలిండర్‌తో ఎక్కేటప్పుడు మాత్రం ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. చోటు అందమైనదే. కానీ అది దాటాక తీరం రోడ్డు ఒక్క వైపే, తిరిగి రావాలంటే రింకన్ ఊరి మీదుగా చుట్టి రావాలి. ఓడ కోసం గడియారం చూసుకునేవాళ్లకు నేను ఆ దారి చెప్పను. 

మీ పిల్లలు మాత్రం హిల్మా హుకర్ పేరు ఎత్తుతారు. అది 72 మీటర్ల సరుకు ఓడ. 1984లో చుక్కాని చెడి బోనెయిర్ చేరింది, తనిఖీ చేస్తే దొంగ గోడ వెనక టన్నుల కొద్దీ గంజాయి బయటపడింది. సాక్ష్యం గనక ఓడను వదల్లేదు, ఎవరూ మరమ్మతు చేయలేదు, కారుతూ కారుతూ ఆ ఏడు సెప్టెంబరు 12న మునిగిపోయింది. రెండు పగడపు దిబ్బల మధ్య ఇసుకలో పక్కకు ఒరిగి పడుకుని ఉంది. ఆ కథ వింటే ఎవరికైనా దిగాలనిపిస్తుంది. కానీ అది పడుకున్నది 30 మీటర్ల లోతున. ఇందాక చెప్పిన పావుగంట లెక్క అక్కడిదే. మొదటి స్థాయి కార్డుతో, గైడ్ లేకుండా, ఓడ టైము మెడ మీద పెట్టుకుని అక్కడికి వెళ్లడం తప్పు. పైన తేలుతూ కిందికి చూసి వచ్చినా ఓడ ఆకారం కనబడుతుంది.

దక్షిణాన ఉప్పు రేవు ఉంది. దాని స్తంభాల నిండా రంగురంగుల స్పాంజ్‌లు, మధ్యలో చేపల గుంపులు. ఉప్పు ఎత్తే ఓడ నిలబడి ఉంటే అక్కడ దిగనివ్వరు, అందుకని పొద్దున్నే దుకాణంలో అడిగి వెళ్లండి. అంత దూరం వెళ్తే మాత్రం ఇంకో పని చేయండి. ఆ రోడ్డు పక్కన ఉప్పు మడుల ముందు చిన్న చిన్న రాతి గుడిసెలున్నాయి, 1850లో ఉప్పు తీసే బానిసల కోసం కట్టినవి. ఎదిగిన మనిషి వంగి పాకితే గానీ లోపలికి పోలేడు. డచ్చి వలసల్లో బానిసత్వం 1863 జులై 1న రద్దయింది. పదేళ్లకు, 1873లో, సురినామ్ చెరకు తోటలకు మన దేశం నుంచి కూలీలను ఓడలో తెచ్చారు. గ్వాడలూప్, మార్టినిక్ దీవులకు మద్రాసు వైపు నుంచి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. 2015లో మూతపడ్డ బోధన్ నిజాం షుగర్స్ కూత విని పెరిగినవాళ్లం, చెరకు అంటే ఏమిటో, దాని వెనక చెమట ఏమిటో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఆ సముద్రం మీదికి మనకంటే ముందు మనవాళ్లు టికెట్ కొనుక్కుని వెళ్లలేదు. పిల్లలకు ఆ గుడిసెలు చూపించండి.

పగడాల సంగతి కూడా చెప్పాలి. అవి రాళ్లలా కనబడతాయి గానీ ప్రాణమున్నవి. చేత్తో పట్టుకుంటే, ఫిన్ తగిలితే, ఎన్నో ఏళ్లు పెరిగింది ఒక్క దెబ్బకు పోతుంది. పట్టుకోవాలన్న ఆలోచనే రాకూడదని అక్కడ చేతి తొడుగులు నిషేధించారు. 2023లో పగడాల కండను కరిగించే అంటువ్యాధి ఒకటి బోనెయిర్ చేరింది. ఒక చోట దిగిన సామాను ఇంకో చోటికి తీసుకెళ్లే ముందు శుభ్రం చేయమంటారు. టైము లేదని దాన్ని ఎగ్గొట్టకండి. ఒక్క పూట ఉండి పోయే మనం అక్కడ రోగం వదిలి రాకూడదు.

డైవింగ్ చేసిన మర్నాడు ఓడ దిగి విమానం ఎక్కేవాళ్లు చివరి మునకకూ విమానానికీ మధ్య 18 గంటలు ఉండేలా చూసుకోవాలి. మధ్యాహ్నం మూడింటికి పైకి వస్తే మర్నాడు పొద్దున తొమ్మిది దాకా ఎక్కకూడదు. ఓడ ఇంకా రెండు రోజులు తిరుగుతుందంటే ఆ బెంగ లేదు.

ఇక ఇక్కడ రేడియో వింటున్న అమ్మానాన్నలకు. పిల్లలతో పాటు మీరూ ఆ ఒడ్డుకు వెళ్తారు, నీళ్లలోకి దిగరు. మేం ఎందుకులే, ఓడలోనే ఉంటాం అనకండి. ఆ ఇద్దరికీ ఒడ్డున ఒక మనిషి కావాలి. ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకుని నీడలో కూర్చోండి. ఎన్నింటికి దిగారు, ఎన్నింటికల్లా తేలతామన్నారు, ఏ వైపు వెళ్తామన్నారు. వాళ్ల ఫోన్లు, పాస్‌పోర్టులు మీ ఒళ్లోనే ఉంచుకోండి, బండిలో వదిలితే పోయే ప్రమాదం ఉంది. చెప్పిన టైముకు వాళ్లు తేలకపోతే కాసేపు చూద్దాం అనుకోవద్దు, మొహమాటపడొద్దు. పక్కన సామాను సర్దుకుంటున్న ఏ డైవర్‌నైనా పిలవండి, మాట రాకపోతే కాగితం చూపించండి. అక్కడ అంబులెన్స్ నంబరు 912, పోలీసుల నంబరు 911. ఎక్కడున్నారని అడిగితే పసుపు రాయి మీద రాసిన పేరు చదివి చెప్పండి, చోటు వాళ్లకు తెలుస్తుంది. పిల్లలు దిగకముందే ఆ పేరు కూడా కాగితం మీదికి ఎక్కించుకోండి.